రజిత పెంచిన పలుచటి పలక

2010లో నేను జగిత్యాలలోని ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర శాఖాధిపతిని. ఇల్లు కోరుట్లలో. తెలంగాణ ఉద్యమం జోరుమీదుంది, ఎప్పుడు బంద్ అంటారో తెలియదు. అప్పుడే మాకొక చిన్న పరిశోధన ప్రాజెక్టు దక్కింది: జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలు పెంచడం. వెంట్రుకలో వెయ్యోవంతు మందం ఉండే ఈ కడ్డీలను శూన్యంలో ఉంచి వోల్టేజి ఇస్తే, కొసల నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఎంత తక్కువ వోల్టేజికి వస్తే అంత మేలు.

పని చేసింది నేను కాదు, ప్రాజెక్టు సహాయకురాలు రజిత. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్ల. గాజు పలక మీద ముందు జింక్ ఆక్సైడ్ పూత వేయాలి. దాన్ని మేం విత్తనం అంటాం. తర్వాత పలకను ద్రావణంలో బోర్లా వేలాడదీసి, తొంభై డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచాలి. బంద్ రోజుల్లో కూడా హాస్టల్ నుంచి నడిచొచ్చి ఓవెన్ దగ్గర కూర్చునేది. ఫలితం బాగుంటేనే ఆమె ఉద్యోగం పొడిగిస్తారు.

హైదరాబాదు నుంచి వచ్చిన సమీక్షకుడు రజిత పెంచిన రెండు పలకల సూక్ష్మదర్శిని ఫొటోలు చూశాడు. కడ్డీలు ఒత్తుగా ఉన్న పలకను మెచ్చుకున్నాడు. ఎడంగా ఉన్నదాన్ని చూసి, "ఇది బట్టతల. ధర్నాల ధ్యాసలో పెంచితే ఇలాగే ఉంటుంది" అని నవ్వాడు. నా ఒళ్లు మండింది.

రజిత లేచింది. "గట్ల గాదు సార్. మరీ ఒత్తుగుంటె ఒక్కదానికొక్కటి అడ్డమైతయి. కావాల్ననే విత్తనం పల్చగ వేసిన. రెండూ పంపుండ్రి, కొలిస్తె తెలుస్తది గద."

ఆ మాటే రికార్డులో కూడా రాసింది. అది నిజమని నాకు తెలుసు. కడ్డీలు మరీ దగ్గరైతే కొసల దగ్గర విద్యుత్ క్షేత్రం బలహీనపడుతుంది. అయినా సమీక్షకుణ్ణి ఎదిరించే ధైర్యం లేక, అతని ముందే ఆ వాక్యాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, సంతకం పెట్టి, ఒత్తు పలకనొక్కదాన్నే కొలతకు పంపాను.

ఫలితం నాసిరకంగా వచ్చింది. రజిత ఉద్యోగం పోయింది.

సిగ్గు పట్టలేక రెండో పలకను మిత్రుడి ప్రయోగశాలకు మోసుకెళ్లి కొలిపించాను. సగం వోల్టేజికే ఎలక్ట్రాన్లు వచ్చాయి. సమీక్షకుడికి రాస్తే, ఫైలు మూసేశామని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు.

సిరిసిల్ల వెళ్లి రజితకు చెప్పాను. అప్పటికి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది.

"నాకు ఎరుకే సార్," అంది. "గా రోజు మీకు గూడ ఎరుకే. నా కోపం గదే."

పదవీ విరమణ దాకా మరెవరి రికార్డులోనూ అభ్యంతరాన్ని కొట్టేయలేదు. కొలవకముందే నమూనాను తోసేసేవాడు ఈ పనికి తగడు. ఆ రోజు ఆ గదిలో అలాంటివాళ్లం ఇద్దరం ఉన్నాం.