ముఖం వద్దన్న మనిషి

ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్లయింది. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో మేం చికాగో పక్కన ఉండేవాళ్లం. అక్కడి యూదుల వారపత్రికకు నేను ఫొటోలు తీసేదాన్ని. పెళ్లిళ్లు, స్కూల్ నాటకాలు, విరాళాల విందులు. చీర కట్టుకుని కెమెరాతో తిరిగే నన్ను వాళ్లు ఇంటిమనిషిలా చూసుకున్నారు.

అప్పట్లో సోవియట్ రష్యా నుంచి యూదు కుటుంబాలు వచ్చి దిగుతుండేవి. అక్కడ వాళ్లు పండుగలు చాటుగా చేసుకోవాల్సి వచ్చేది, చాలామందికి పద్ధతులే తెలియవు. అందుకని పస్కా పండుగకు కొన్ని రోజుల ముందు కమ్యూనిటీ సెంటర్ బేస్‌మెంట్‌లో, పండుగ భోజనం ఎలా చేయాలో నేర్పే విందు పెట్టారు. అసలు పండుగ రాత్రి కెమెరా వాడటం వాళ్ల ఆచారంలో కూడదు కాబట్టి నన్ను దీనికి పంపారు.

ఆ విందులో అందరికన్నా చిన్నవాడు లేచి, ఈ రాత్రికి ఇంత ప్రత్యేకత ఎందుకని పెద్దల్ని అడగాలి. ఒక బల్ల దగ్గర పిల్లలెవరూ లేరు. డెబ్బై దాటిన ఒకాయన లేచి నిలబడ్డాడు. ఒడెస్సాలో దర్జీ. జన్మలో మొదటిసారి ఆ ప్రశ్నలు అడుగుతున్నాడు, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని, నవ్వుతూ, కళ్లనీళ్లు కారుస్తూ. నేను బటన్ నొక్కేశాను.

అంతకు ముందే నన్ను పిలిచి తన ముఖం తీయొద్దని బతిమాలాడు. కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు, దేశం విడిచి రావడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు, తండ్రి ఇలా పండుగలో కనబడితే అక్కడి అధికారులు వాణ్ణి వదలరని భయం. సరేనన్నాను.

మా పత్రికకు ఆ ఫొటో ఇవ్వలేదు. అంతవరకూ మాట నిలబెట్టుకున్నాను. ఆ తర్వాత న్యూయార్క్ పత్రిక ఒకటి, యూదుల జీవితం మీద తీసినవాటిలో మీకు బాగా నచ్చిన ఫొటో పంపండని ఫొటోగ్రాఫర్లను అడిగింది. నన్నెవరైనా బలవంతపెట్టారా? లేదు. పేరు రావాలనుకున్నాను, అంతే. చికాగోలో ఆ పత్రిక ఎవరు చూస్తారు, ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదు కదా అనుకున్నాను. చూడకూడనివాళ్లు ఉండేది చికాగోలో కాదన్న ఆలోచన రాలేదా? వచ్చింది. పక్కకు నెట్టేశాను. పంపాను, అచ్చయింది. పేజీ నిండా ఆయన ముఖం, కింద ఆయన పేరు, ఊరు.

కొన్ని నెలలకు కొడుకు దరఖాస్తు తోసిపుచ్చారు, ఉద్యోగం పీకేశారు. ఆయన మా ఆఫీస్‌కి వచ్చి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాతోనే చెప్పుకున్నాడు.

“నా వల్లే అమ్మా. ఫోన్‌లో ఎక్కువ వాగాను. ఇక్కడ ప్రార్థనకి వెళ్తున్నా, అందరూ బాగా చూస్తున్నారు అని. అక్కడి సర్కారువాళ్లు లైన్ వింటారు. నా నోరే వాడి కొంప ముంచింది.”

“అలా అనుకోకండి.”

“మరి వాళ్లకి ఇంకెలా తెలుస్తుంది?”

టీ తెస్తానని లేచి వెళ్లిపోయాను.

నా ఫొటో వల్లే జరిగిందా? తెలియదు. కారణం చెప్పకుండా ఎంతోమందిని ఆపేశారని విన్నాను, ఏళ్లపాటు ఆ మాట పట్టుకునే వేలాడాను. కానీ ఆయన నెత్తిన పడ్డ నింద ఒక్క మాటతో దింపగలిగీ, ఆయన నన్ను అసహ్యించుకుంటాడని, పని పోతుందని నోరు మూసుకున్నాను చూశారా, దానికి ఏ సాకూ దొరకలేదు. ఆ తర్వాత ఆయన కొడుకుతో మాట్లాడటమే తగ్గించేశాడు. బాగున్నావా, బాగున్నాను. ఫోన్ పెట్టేసేవాడు. అలాగే పోయాడు.

ఎనభైల చివర్లో దారులు తెరుచుకుని కొడుకు వచ్చాడు. తండ్రి జ్ఞాపకార్థం పెట్టిన సభలో, నాన్నకు నోరు ఆగేది కాదని, ఆ నోటివల్లే తాను ఇన్నేళ్లు చిక్కుకుపోయానని నవ్వుతూ చెప్పాడు. చివరికి ఫోన్‌లో రెండు మాటలే మాట్లాడేవాడని, తన మీద ప్రేమ తగ్గిందేమో అనుకున్నానని కూడా అన్నాడు. అప్పుడు నవ్వలేదు. ముందు వరసలో కూర్చుని నేను తలూపాను.

బాబూ, మీ నాన్న నోరు కాదు. మాట తప్పింది నేను. నీ మీద ప్రేమతోనే ఆయన మాటలు మింగేశాడు. ఆ రోజు లేచి ఇది చెప్పాల్సింది. చెప్పలేదు. క్షమించమని ఎవరినీ అడగను. రాసేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది.