టైలరు కంట పడ్డ డేగ

టైలరు మావయ్య అని వీధంతా పిలిచే ఆయనకు మనుషులు మొహాలతో గుర్తుండరు, కొలతలతో గుర్తుంటారు. ఎదురుపడ్డవాడు ఎవరో తెలియక తికమకపడి, వాడు దాటిపోయాక వీపు చూసి "ఎడమ భుజం దిగిన పెద్దమనిషి కదూ!" అని కేకేసేవాడు. కాబోయే మామగారిని మొదటిసారి కలిసినప్పుడు నమస్కారం మాట మరిచి, "ఈ కోటు ఎవడు కుట్టాడండీ, ఇంత దరిద్రంగా?" అన్నాడట. కుట్టింది కాబోయే అత్తగారు.

అలాంటి మనిషికి పక్షుల పిచ్చి పట్టుకుంది. ఆదివారం తెల్లారితే చాలు, వీధిలోవాళ్ళను వెంటేసుకుని వాగు పక్క తోపులోకి బయల్దేరేవాడు. అందరూ తలా కాస్త డబ్బు వేసుకుని కొన్న బైనాక్యులర్ ఒక్కటే. అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళే నాయకులు. టైలరు దాన్ని స్నానానికి తప్ప తీసేవాడు కాడు.

కిందటి వసంతంలో మాత్రం కొంప మునిగింది. కరెంటు తీగకు చిక్కుకున్న నల్ల ప్లాస్టిక్ కవరును డేగ అన్నాడు. వేటకు పొంచి ఉందంటూ అందర్నీ కాళ్ళు తిమ్మిరెక్కేదాకా పొద చాటున కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ మందుల షాపు నడిపే బావమరిది కాచుకుని ఉన్నాడు.

"బావా, ఈ ఏడు కూడా తప్పు చెప్పావో, బైనాక్యులర్ నా మెడలోకి వస్తుంది. అందరూ ఒప్పుకున్నారు."

"మీ అక్క కూడానా?"

"ముందు చెయ్యెత్తింది నేనేనండీ," అంది భార్య.

ఆ ఆదివారం తోపులో, కొత్త చిగుళ్ళు తొడిగిన చెట్టు మీద, ఎండిన కొమ్మ చివర, ఒక పక్షి కూర్చుని ఉంది. టైలరు గుండె మిషనులా కొట్టుకుంది. ఈసారి తొందరపడదలచుకోలేదు. బైనాక్యులర్ ఎత్తి, గిరాకీని నిలబెట్టి కొలతలు తీసినంత నిదానంగా చూశాడు. వీపు మీద బూడిదరంగు కోటు. ఛాతీ మీద అడ్డచారలు, ఎక్కడా అతుకు కనబడలేదు. తోకకు నల్లంచులు. చుట్టూ చిన్న పిట్టలు ప్రాణభయంతో గోల పెడుతున్నాయి.

"డేగ!" అన్నాడు. "రాసుకోండి. ఈ కట్టింగు ఇంకెవరికీ కుదరదు."

బావమరిది మొహం వాడిపోయింది. టైలరు మీసం సర్దుకున్నాడు. అంతలో ఆ పక్షి నోరు తెరిచింది.

అరుపు మీద అరుపు, ఒక్కోటీ కిందటిదానికంటే పైకెక్కుతూ, చెవులు చిల్లులు పడేలా అందుకుంది. వసంతం వచ్చిందంటే వీధిలో ఎవర్నీ నిద్రపోనివ్వని కోకిల జాతి పిట్ట అది. డేగ రూపుతో పుట్టిందంతే. గొంతు విన్నాక చంటిపిల్లలు కూడా పొరబడరు.

తోపంతా నవ్వులు.

"బట్టలు చూసి మోసపోయావు బావా!"

"నేనొక్కణ్ణేనా? ఆ పిట్టలూ నమ్మాయిగా! వాటికి ప్రాణం మీదికొచ్చిన యవ్వారం, అవే పోల్చుకోలేదు."

"అయితే బైనాక్యులర్ వాటి మెడలో వేద్దామా?"

టైలరు బైనాక్యులర్ తీసి ఇచ్చేశాడు. మెడ బోసిపోయింది. చెయ్యి ఊరికే ఛాతీ మీదికి పోయి తడుముకుంది. బావమరిది దాన్ని తగిలించుకుని ఠీవిగా నడిచాడు. పొట్టి మనిషి కావడంతో పట్టీ పొడుగై, అది బొజ్జ మీద పడి, అడుగడుక్కీ డోలులా మోగుతోంది.

ఓటమినైనా ఓర్చుకోగలడు గానీ, కొలత తప్పిన పట్టీని ఓర్చుకోవడం టైలరు వల్ల కాలేదు.

"ఆగరా, చూడలేకపోతున్నా!" అని కాలరు మడతలోంచి సూదీ దారం తీసి, వాడి మెడ వంచి, పట్టీ మడిచి కుట్టడం మొదలెట్టాడు. పట్టీ చిన్నదయ్యేకొద్దీ బావమరిది గడ్డం, బావ ముక్కు దగ్గరపడ్డాయి.

సరిగ్గా అప్పుడే తలపైన పెద్ద నీడ తిరిగింది.

"బావా, ఏదో వచ్చింది! చూడనీ!"

"కదలకు, సూది మెడలో దిగుతుంది." టైలరు వాడి మెడలోని బైనాక్యులర్ అందుకుని, ఆకాశంకేసి ఎత్తి కళ్ళు పెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"కుట్టు నిలుస్తుందో లేదో లాగి చూస్తున్నా."

"డేగేనా? చెప్పు బావా, డేగేనా?"

టైలరు చాలాసేపు చూశాడు.

"అది నోరు తెరిచేదాకా," అన్నాడు, "నేను మాత్రం తెరవను."