పాత సిలిండర్

పంజాగుట్ట బండి దగ్గర ఇడ్లీని తుంచి, లోపలి బెజ్జాలు చూడనిదే జగదీశ్ నోట్లో పెట్టడు. అమీర్‌పేట ల్యాబులో మంటకు ఓర్చే ఫోమ్ తయారుచేయడం అతని పని. ఫోమును పొంగించే పాత గ్యాసు ఓజోన్ పొరకు చిల్లులు పెడుతుందని, ఏడాదిగా కొత్త గ్యాసుతో కుస్తీ పడుతున్నాడు. వేళ్ల కొసలన్నీ మాడిపోయాయి. ఇవాళ నలభయ్యో ముక్క ఇడ్లీలా పొంగింది, అగ్గిపుల్ల చూపగానే భగ్గుమంది.

"గింత తిప్పలెందుకు జగదీశ్? పాత గ్యాసు సిలిండర్ ఒకటున్నది. టెస్టుకు పంపే ముక్కకు గదే కొట్టు, ఎవడు చూస్తడు?" అన్నాడు ఓనరు విజయేందర్.

జగదీశ్‌కు తిక్క రేగింది. సిలిండర్‌ను డాబా మీదికి ఈడ్చుకుపోయి వాల్వు మొత్తం తిప్పేశాడు.

"ఇగ ఎట్ల కొట్టమంటరో చెప్పుండ్రి సార్!"

గ్యాసు బుస్సుమంటూ పోతుంటే కసిగా నవ్వాడు. ఆ చప్పుడు ఆగాక గానీ, దాన్ని ఎక్కడికి వదిలాడో తట్టలేదు. తలెత్తి ఆకాశం వైపు చూసి, అక్కడే చతికిలబడ్డాడు.