రూతత్త ఇచ్చిన మినుము

సబ్బు అరిగిపోయేలా రుద్దినా నా కుడి అరచేతికి చేప వాసన పోదు. ఆ చేత్తో టీ కప్పు అందుకోబోతే మా ఆవిడ గౌరి కసురుతుంది. చివరికి విసిగి నా కప్పు వేరే పెట్టేసింది. నేను మాత్రం ఎవరూ చూడకుండా ఆ చెయ్యి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. వెంటనే రూతత్త గుర్తొస్తుంది. ఆవిడ నాకు సొంత అత్త కాదు. మేము గుడికి పోయేవాళ్ళం, ఆవిడ ఆదివారం తెల్లచీర గంజిపెట్టి కట్టుకొని తెలుగు బాప్టిస్టు చర్చికి పోయే మనిషి. మేం పుట్టి పెరిగిన రంగూన్‌లో, అదే ఇప్పటి యాంగోన్‌లో, బోటాటౌంగ్ అనే పేటలో మా వీధికి కాస్త అవతల ఉండేది, కుక్కలకు చదువు చెప్పేది. మనుషులకు దూరమైపోయిన నన్ను మళ్ళీ వాళ్ళ మధ్యకు తీసుకొచ్చింది ఆవిడే. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కనక చెబుతున్నాను.

నేను ఫైర్ బ్రిగేడ్‌లో పనిచేసేవాణ్ణి. రేవు పక్కన ఓ పాత గోదాము తగలబడినప్పుడు రేకుల కప్పు నా మీద కూలింది. విరిగిన ఎముకలు బాగానే అతుక్కున్నాయి. కాని ఆ తర్వాత రేకు చప్పుడు వింటే చాలు, దుకాణం షట్టరు దబ్బున జారితే చాలు, ఊపిరాడక ఎక్కడున్నవాణ్ణి అక్కడే కూలబడేవాణ్ణి. యాంగోన్‌లో షట్టర్లు లేని వీధి ఎక్కడుంది? అందుకని మేడమీది మా ఇల్లు దిగడమే మానేశాను. ముందు ఉద్యోగానికి సెలవు పెట్టాను, తర్వాత స్నేహితులకూ పెట్టాను. ఎవరైనా తలుపు కొడితే లేనని చెప్పమనేవాణ్ణి. నా తరఫున అబద్ధాలాడి ఆడి గౌరి అలిసిపోయింది. తర్ఫీదిచ్చిన కుక్కలు డా రూత్ దగ్గర ఉంటాయనీ, మనిషి పడబోతుంటే కనిపెట్టి ఆపుతాయనీ గుడిలో ఎవరో ఆమెకు చెప్పారట. డా అంటే ఇక్కడ పెద్దావిడ పేరుకు ముందు చేర్చే మర్యాద.

"కుక్క తోక పట్టుకొని గోదారి ఈదమంటావేటి?" అన్నాను వెటకారంగా.

"గోదారి నువ్వూ సూడనేదు, నానూ సూడనేదు. పద," అంది గౌరి.

రూతత్త తండ్రి సేక్కాన్ రేవులో పప్పుల గోదాములకు కాపలాదారు. ఆయన కాపలా కుక్కల మధ్యే ఆవిడ పెరిగింది. అందుకే ఆవిడ పెంచిన కుక్కలన్నిటికీ పప్పుల పేర్లే ఉండేవి. కంది, పెసర, ఉలవ గుమ్మంలో కాళ్ళు బారజాపుకొని పడుకొని ఉన్నాయి. అన్నీ వీధికుక్కలే. "జాతి కుక్కలకి ఈ ఊరు తెల్దు బాబూ," అనేది. నాకోసం లోపల్నుంచి ఓ నల్ల ఆడకుక్కను తెచ్చింది. దానికి ఒక చెవి నిక్కబొడుచుకొని, రెండోది వాలిపోయి ఉంది. పేరు మినుము.

"దేనికి పడిపోతావు?" అని అడిగింది రూతత్త.

"షట్టరు సప్పుడికత్తా," అన్నాను తల దించుకొని.

"నాను బల్లికి పడిపోతాను. మొన్న పాస్టరుగారి ముందే కేకేసి కుర్సీ ఎక్కీసినాను. ఇందల సిగ్గేటి?"

నాకు మందులిచ్చినవాళ్ళున్నారు, ధైర్యం చెప్పినవాళ్ళున్నారు. నా భయాన్ని తీసుకెళ్ళి తన బల్లి పక్కన కూర్చోబెట్టిన మనిషి ఈవిడొక్కతే. ఎన్నాళ్ళకో ఆ రోజు పగలబడి నవ్వాను. గౌరి నా వంక వింతగా చూసింది.

మినుముకు నేర్పిన మాటలన్నీ తెలుగువే. వీధిలో అందరూ కుక్కల్ని బర్మా మాటల్తో పిలుస్తారు కనక, తెలుగు మాట వినబడితే అది తన పని అని దానికి తెలియాలి. ఆగు, పద లాంటివి ఉన్నా అసలైన మాట "ఆనుకో". ఆ మాట వింటే మినుము తన ఒళ్ళంతా బరువుగా నా మోకాలికి ఆనించి నిలబడుతుంది. పోనుపోను, నా ఊపిరి మారగానే నేను అనకముందే వచ్చి ఆనుకోవాలి. దానికి రూతత్త పెట్టిన నియమం ఒక్కటే. అది నా చేతి తిండి తప్ప ఇంకెవరు పెట్టినా తినకూడదు. "అన్నం ఎట్టినోడి ఊపిరే కుక్క ఇంటాది," అనేది. ఒక నెల గడువిచ్చింది. పబేడాన్ బజారులో మినుము నన్ను నిలబెట్టగలిగితే అది నాది. లేకపోతే అవసరమున్న ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

నియమం చిన్నదే గాని ఊరు యాంగోన్. ఇక్కడ వీధికుక్కకు ముద్ద పెట్టడం పుణ్యం. మా వీధి మొదట్లో డా టిన్ అనే ఆవిడ మొహింగా అమ్ముతుంది. చేపల పులుసులో సేమ్యాలాంటి బియ్యపు పోగులు వేసి ఇస్తుందన్నమాట. కుక్కల కడుపు నింపనిదే ఆవిడ మొదటి బేరం చెయ్యదు. మా గౌరి రెండాకులు ఎక్కువే చదివింది. కాలభైరవుడి వాహనమని శనివారం శనివారం మినుముకు నెయ్యి రాసిన రొట్టె పెట్టేది. వీధి వీధంతా నా కుక్క ద్వారా పుణ్యం కట్టుకుంటుంటే వద్దని ఏ నోటితో చెప్పను? భిక్షకొచ్చిన సన్యాసి పాత్రమీద మూత పెట్టినట్టుంటుంది. పైగా చెప్పాలంటే వాళ్ళతో మాట్లాడాలి, అది నాకు అంతకన్నా కష్టం. నేను నోరు మెదపలేదు, మినుము గుండ్రంగా తయారైంది.

నెల తిరిగాక రూతత్త గొడుగు పట్టుకొని ముందు నడుస్తుంటే నేనూ మినుమూ వెనకాల పబేడాన్‌లోకి వెళ్ళాం. బట్టల దుకాణం ముందు ఉండగా పక్కన షట్టరు దబ్బుమంది. నా ఊపిరి గొంతులోనే ఆగిపోయింది. మినుము కోసం చూశాను. అది సమోసాలమ్మేవాడి ముందు కూర్చొని తోకాడిస్తోంది, వాడు ముద్దుగా ముక్క అందిస్తున్నాడు. నేను రోడ్డుమీద కూలబడ్డాను. జనం మూగారు. రూతత్త గొడుగుతో వాళ్ళను అదిలించి, గంజిపెట్టిన చీరతోనే నా పక్కన ఆ బురదలో కూర్చుంది. నాకు ఊపిరి కుదుటపడేదాకా గొడుగు నా మీదే పట్టింది.

"మినుముని నాను తీసుకెల్లిపోతాను," అంది అప్పుడు.

కప్పు కూలినప్పుడు కూడా నేనంత భయపడలేదు. ఆ నెల రోజుల్లో ఇంట్లో నేను మనసు విప్పి మాట్లాడింది ఆ కుక్కతోనే.

"వద్దత్తా. నీకు దండం ఎడతాను."

"మరైతే కుక్కకి ఏటీ ఎట్టొద్దని మీ ఈదోలకి సెప్పు."

"పున్నానికి అడ్డెలా సెప్తానత్తా?"

రూతత్త చీర బురద దులుపుకుంటూ లేచింది. "అడ్డు సెప్పమన్నానేటి? కుక్కకి ఎట్టాలనుకున్నోలు నీ సేతిల ఎట్టాల. నువ్వు కుక్కకి ఎట్టాల. పున్నెం ఆలకి, కుక్క నీకి. రోజూ పొద్దున్న నువ్వే దిగు, గౌరిని పంపకు. ఇంకో నెల సూస్తాను."

ఈ మాట విని గౌరి నెత్తి కొట్టుకుంది. "అమ్మ ఎట్టదు, అడుక్కు తిన్నియ్యదు అంతారు. ఈవిడేటి, అడుక్కొచ్చి మరీ ఎట్టమంతంది!"

మొదటి రోజు డా టిన్ అంగడి ముందు చెయ్యి చాపి నిలబడితే చచ్చేంత సిగ్గేసింది. సంగతి చెప్పాను. ఆవిడ ఉప్పూ ఉల్లీ తగలని చేపముక్క తీసి, రెండు చేతులతో భక్తిగా నా అరచేతిలో పెట్టింది. "రాత్రి నిద్ర పట్టిందా, కో రాజు?" అని అడిగింది. కో అంటే ఇక్కడ మగవాళ్ళ పేరుకు ముందు చేర్చే మర్యాద. ఆవిడ ముక్క నా చేతిలో పెట్టుకొని బదులు చెప్పకుండా ఎలా వస్తాను? పట్టలేదన్నాను. మర్నాడు దర్జీ గుప్పెడు అన్నం తెచ్చి ఒళ్ళునొప్పుల గురించి అడిగాడు. సైకిల్ రిక్షా తొక్కే ముసలాయన ఉడికిన గుడ్డు పెట్టి, తన కోడలి మీద చాడీలు కూడా చెప్పాడు. కుక్క తిండి కాసేపట్లో అయిపోయేది, మాటలు తెగేవి కావు. మినుము మాత్రం నా చెయ్యి వంకే చూస్తూ కూర్చునేది.

రెండోసారి పబేడాన్ వెళ్ళినప్పుడు షట్టరు చప్పుడు నా చెవిన పడేసరికే మోకాలికి బరువు తగిలింది. ఆనుకో అని నేను అననే లేదు. ఈసారి కూలబడలేదు, నిలబడ్డాను. సమోసావాడు మళ్ళీ ముక్క చూపించాడు. మినుము అటు చూడలేదు. వెనక్కి తిరగకుండానే రూతత్త, "పద పద, ఎండెక్కుతంది," అంది. కాస్త దూరం పోయాక కొంగుతో కళ్ళొత్తుకోవడం చూశాను. ఏమిటత్తా అంటే, బజారులో మిరపకాయల ఘాటంది.

ఆ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు మంటల్లోకి వెళ్ళను, కొత్తగా చేరినవాళ్ళకు గొట్టాలు పట్టడం నేర్పిస్తాను. మినుము నా కుర్చీ కింద ఉంటుంది.

పోయిన వానాకాలంలో రూతత్త పోయింది. సమాధి దగ్గర తెలుగులో పాటలు పాడుతున్నంతసేపూ మినుము నాకు ఆనుకునే ఉంది. ఇంటికొచ్చి మంచమెక్కాను. మర్నాడు లేవలేదు. తలుపు కొట్టినవాళ్ళకు లేనని చెప్పమన్నాను. గౌరి మినుము తిండి కోసం గిన్నె పట్టుకొని కిందికి దిగింది, ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"డా టిన్ ఎట్టనంది."

"ఏం?"

"రూతత్త ఆస్పత్రికి ఎల్లేముందు ఆవిడికాడికి ఎల్లి సెప్పిందట. ఆడు దిగకపోతే ఏటీ ఎట్టొద్దు, కుక్క ఒక పూట పస్తున్నా పర్నేదు, మనిసి పస్తుండకూడదు అని." చెబుతూనే గౌరి ఏడ్చింది.

ఇన్నేళ్ళూ ఆ నియమం కుక్క కోసమే అనుకున్నాను.

వానలోనే దిగాను. ప్లాస్టిక్ పట్టా కింద డా టిన్, దర్జీ, రిక్షా ముసలాయన ముగ్గురూ ఉన్నారు, ఏదో ఒకటి చేతిలో పట్టుకొని నాకోసం చూస్తున్నారు. ఎవరూ ఓదార్చలేదు. నేను చెయ్యి చాపాను. డా టిన్ చేపముక్క పెట్టి, ఎప్పటిలాగే, "రాత్రి నిద్ర పట్టిందా, కో రాజు?" అంది. పట్టలేదన్నాను. అక్కడే నిలబడి, వాళ్ళందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. మినుము తిండి సంగతి మర్చిపోయి నా మోకాలికి ఆనుకుంది.

ఇప్పటికీ రోజూ దిగుతాను. పైకి వచ్చేసరికి గౌరి సబ్బు పట్టుకొని సిద్ధంగా ఉంటుంది. కాస్సేపు ఆగమంటాను.