గంట గోపురం మీద జెండా ఎవరు కట్టారు

పామర్రు దగ్గర మా ఊరి చర్చికి పాత గంట గోపురం ఉంది. ఏటా ప్రతిష్ఠ పండుగనాడు ఆరాధన మొదలయ్యేలోగా దాని మీద ఎర్ర శిలువ కుట్టిన తెల్ల జెండా ఎగరాలి. గంట కొట్టేది మా నాన్న. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ జెండా కట్టిందీ ఆయనే.

జెండా సంగతి అందరికీ తెలుసు. దాని ముందురోజు సంగతి ఎవరికీ పట్టదు. ఆ రోజు పావురాల రెట్ట గీకి, మెట్లన్నీ కడిగి, గంటకు నూనె రాసి దిగేదాన్ని నేను. పదో తరగతి నుంచి చేస్తున్నాను. ఆడపిల్ల అంత పైకెక్కిందని ఏ ఒక్కరూ నొచ్చుకున్న పాపాన పోలేదు. రెట్ట కడగడానికి నేను పనికొస్తాను.

పోయిన ఏడు నాన్నకు మోకాళ్లు పట్టేశాయి. "మా అమ్మాయి కడుతుందండీ, దానికి ప్రతి మెట్టూ తెలుసు" అని సంఘ పెద్దను అడిగాడు. నోట్లో నాలుక లేని మనిషి మా నాన్న. ఆ ఒక్క మాట అడగడానికే వారం రోజులు తటపటాయించాడు.

"ఆడవాళ్లు జెండా కడితే పక్క సంఘాలవాళ్లు ఏమనుకుంటారండీ" అని నవ్వేశాడు సంఘ పెద్ద. ఆ గౌరవం తన కొత్త అల్లుడికి ఇచ్చాడు. అల్లుడు గారికి ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపుంది. గోపురం లోపల ఎలా ఉంటుందో కూడా ఆయన ఎప్పుడూ చూడలేదు. అందుకని దారి చూపించడానికి నన్ను వెంట వెళ్లమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నాన్న మొహం చూసి వెళ్లాను.

రెండంతస్తుల దాకా ఇటుక మెట్లు, ఆపైన గోడకు బిగించిన ఇనుప నిచ్చెన. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కేసరికి అల్లుడు గారు ఆగిపోయారు. "నా వల్ల కాదండీ, కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు. మెల్లగా దింపి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, జెండా నడుముకు చుట్టుకుని నేనే ఎక్కాను. పైన గాలి విసిరి కొడుతోంది. పిట్టగోడ వెనక వంగి, ఒక చేత్తో జెండా కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో తాడు తిప్పి, పంటితో లాగి బిగించాను. జెండా విచ్చుకుంది. కింద చప్పట్లు మోగాయి. పిట్టగోడ అడ్డుగా ఉండటంతో నేను ఎవరికీ కనబడలేదు.

"మా అల్లుడు గారు జెండా ఎగరవేశారు, దేవునికి స్తోత్రం" అంటున్నాడు సంఘ పెద్ద మైకులో.

మేం దిగీ దిగగానే అల్లుడు గారి మెడలో దండ పడింది. నేను నేరుగా సంఘ పెద్ద దగ్గరికి వెళ్లి, "కట్టింది నేనండీ. ఆయన నిచ్చెన దగ్గరే ఆగిపోయారు" అన్నాను.

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "పోనీలే అమ్మా, దేవుడికి తెలుసు కదా. మళ్లీ మైకులో చెప్పడం ఎందుకు" అన్నాడు. అల్లుడి సంగతి మాత్రం దేవుడికి తెలియదు కాబోలు, మైకులో చెప్పాల్సొచ్చింది.

ఇంతలో నాన్న కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చాడు. అల్లుడు గారిని మెత్తగా అడిగాడు. "బాబూ, తాడు కమ్మీకి ఎన్ని చుట్లు తిప్పారు? గాలి ఎక్కువగా ఉంది, జారుతుందేమోనని."

అల్లుడు గారు దండ తీసి చేత్తో పట్టుకున్నారు. "నాకు తెలీదండీ. నేను పైదాకా వెళ్లలేదు. కట్టింది ఈవిడే."

ముందు వరసల్లో ఉన్నవాళ్లంతా విన్నారు. సంఘ పెద్ద మొహం మాడిపోయింది. "పండగ పూట ఈ గొడవలెందుకండీ" అని పాట ఎత్తుకోమన్నాడు. మైకులో నా పేరు రానే లేదు.

అప్పుడు నాన్న జేబులోంచి గోపురం తాళంచెవి తీశాడు. గంట కొట్టేవాడి దగ్గర అది ఉండటం మా సంఘంలో ఆనవాయితీ. అందరూ చూస్తుండగా దాన్ని నా చేతిలో పెట్టాడు. ఆయన అంత ధైర్యం చెయ్యడం నేను పుట్టి ఎరుగను. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

వారం తిరక్కుండానే గోపురానికి కొత్త తాళం పడింది. నాన్న ఆ తలుపు ముందు కాసేపు నిలబడి ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇవాళ పొద్దున సంఘ పెద్ద ఆ కొత్త తాళంచెవి మా ఇంటికి పంపాడు. పండుగ వస్తోంది, పావురాల రెట్ట కడగాలట. వెళ్లి కడిగాను. గంటకు నూనె రాశాను. తలుపుకు తాళం వేసి, తాళంచెవి తెచ్చి నాన్న చేతికిచ్చాను. రేపే పండుగ. జెండా ఎగరాలంటే సంఘ పెద్ద మా గుమ్మంలోకి వచ్చి నన్ను అడగాలి.