టైలరక్క ఎమోట్లు

టైలరక్క పలువరుస ఎలా ఉంటుందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నవ్వితే కదా తెలియడానికి! పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు మళ్ళీ దించేదాకా నోట్లో గుండుసూదులు, మెడలో టేపు, ముక్కు మీద కోపం. సూదులు తీసి నోరు విప్పిందా, వచ్చే మాటలు కూడా సూదులే. "అంత ఒళ్ళు చేస్తే పాత కొలతలు ఎట్లా సరిపోతాయండీ?" అని మొహం మీదే అనేస్తుంది. అయినా జనం వస్తూనే ఉంటారు. ఆమె కుట్టిన కోటు భుజాల మీద పడితే వంగి నడిచేవాడు కూడా నిటారుగా నిలబడతాడు మరి.

అలాంటి మనిషికి ఫోనులో ఆట అంటగట్టిన ఘనత చిన్నకోడలిది. చిన్నకోడలంటే టైలరక్క మరిది భార్య, తోడికోడలు. ఇంటి ముందుగదే వాళ్ళ షాపు. ఎదురెదురుగా రెండు మిషన్లు, నడుమ గుడ్డ కత్తిరించే బల్ల, గోడ పొడుగునా సగం కుట్టి వేలాడదీసిన బట్టలు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నకోడలు ఓ మూల కూర్చుని ఆడుకుంటుంటే, "ఏమిటే ఆ టపటపలు, పనీపాటా లేదా?" అని గదమాయించడానికే టైలరక్క దగ్గరికి వెళ్ళింది. తెరమీద ఒక బొమ్మ ఇంకో బొమ్మకు చెయ్యి ఊపుతోంది. చూసి ఆగిపోయింది.

"అదెందుకు ఊపింది?"

"అది ఎమోట్ అక్కా. నవ్వాలన్నా, ఏడవాలన్నా, చప్పట్లు కొట్టాలన్నా ఒక్క మీట నొక్కితే చాలు. మన బదులు మన బొమ్మ చేసేస్తుంది."

"మనం నోరు తెరవక్కర్లేదా?"

"అస్సలు అక్కర్లేదు."

"ఏదీ, ఇటివ్వు."

అంతే! ఆ రోజు నుంచి మధ్యాహ్నం షట్టరు సగం దించి, గుడ్డముక్కల కుప్ప మీద ఇద్దరూ చతికిలబడేవారు. ఇద్దరిద్దరు జట్లుగా ఒక దీవిలో దిగాలి, ఆఖరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. కాల్చడంలో టైలరక్క గురి గోవిందా. కానీ ఎమోట్లలో మాత్రం ఆమెను కొట్టేవాళ్ళు లేరు. తుపాకీ దొరికితే గంతు, దొరక్కపోతే నడుం మీద చేతులు పెట్టుకుని విసుగు, శత్రువు చచ్చాడా ఇక తిరగళ్ళు కొట్టే డాన్సు! బొమ్మ అక్కడ ఎగురుతుంటే ఇక్కడ ఆమె మొహంలో చలనం ఉండదు, మిషను తొక్కే పాదం మాత్రం నేల మీద టకటకలాడుతుంది. చిన్నకోడలు పొట్ట పట్టుకుని పొర్లి పొర్లి నవ్వేది. అందరూ బొటనవేళ్ళతో ఆడితే, టైలరక్క ఫోనును బల్ల మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో బొమ్మను నడిపిస్తూ కుడిచేతి నడిమివేలితో మీటలు పొడిచేది. సూదిని నెట్టీ నెట్టీ ఆ వేలికే బలం ఎక్కువట. ఎమోట్ మీటను కూడా కాల్చే మీట పక్కకే జరిపించుకుంది. "నాకు తుపాకీ కంటే అదే అవసరం" అంది.

అసలు సంగతి చిన్నకోడలికి మెల్లగా అర్థమైంది. పొద్దున్న తను కాలరు చక్కగా తిప్పితే టైలరక్క చూసి "సరేలే" అని పక్కన పడేసేది. మధ్యాహ్నం ఆట మొదలవగానే, ఇంకా శత్రువు జాడ కూడా లేకుండానే, ఆమె బొమ్మ వచ్చి చిన్నకోడలి బొమ్మ ముందు నిలబడి చప్పట్లు కొట్టేది. "ఇప్పుడెందుకక్కా?" అంటే, "ఊరికే, మీట తగిలింది" అనేది. ఊరికే తగలడమేమిటి, అవి కాలరుకు కొట్టిన చప్పట్లు! ఆ చప్పట్ల కోసం చిన్నకోడలు కాజాలు కూడా ప్రాణం పెట్టి కుట్టసాగింది.

ఇలా పాలూ నీళ్ళలా కలిసిపోయిన ఇద్దరి మధ్య మఖమల్ కోటు వచ్చి పడింది. మఖమల్ గుడ్డకు ఒకవైపు వాలిన నూగు ఉంటుంది, అది తిరగబడితే రంగే మారినట్టుంటుంది, ముక్కలన్నీ ఒకేవైపు నూగు వచ్చేలా కత్తిరించాలి. చిన్నకోడలు కోటు చెయ్యి ఒకదాన్ని తిరగేసి కత్తిరించింది. కోటంతా ఒక రంగు, ఆ చెయ్యి ఒక రంగు! టైలరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. షాపు నిండా జనం ఉన్నారన్న స్పృహ కూడా లేదు. "కళ్ళు ఎక్కడ పెట్టుకు కత్తిరించావే? నీ చేతికి కత్తెర ఇచ్చిన నన్ననాలి! నువ్వు గుండీలు కుట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు!"

చిన్నకోడలు కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మొదలైంది మౌనం. పని ఆగలేదు, మాటలే ఆగాయి. "ఎవరైనా ఆ నల్లదారం ఇటిస్తే బాగుండును" అని టైలరక్క గోడకు చెబితే, దారం ఉండ బల్ల మీద దొర్లుకుంటూ వచ్చేది. మధ్యాహ్నం ఆటా లేదు, చప్పట్లూ లేవు. ఇంతలో బజారులో పెద్ద బట్టల దుకాణం వాళ్ళు చిన్నకోడలిని పనికి పిలిచారు. ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఈ కబురు టైలరక్కకు భర్త ద్వారా చేరింది. "ఓ మాట అనరాదూ? తప్పయిందని చెబితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడాయన. టైలరక్కకు చెప్పాలనే ఉంది. ఆ పిల్ల పోతే షాపు కాదు, తన ప్రాణమే సగమైపోతుందని తెలుసు. నోరే రాదు! చెప్పబోయి రెండుసార్లు చిన్నకోడలి మిషను దాకా వెళ్ళింది. ఒకసారి "ఆయిలు వేశావా?" అని అడిగి వచ్చింది, ఇంకోసారి అదీ అడగలేదు.

అదే ఆదివారం మధ్యాహ్నం ఫోన్లు బాగుచేసే షాపాయన తన మేడ మీద ఆ ఆటలోనే జంటల పోటీ పెట్టాడు. గొడవకు ముందే ఇద్దరూ పేర్లిచ్చి ఉన్నారు. చిన్నకోడలు సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి, ఈసారి గోడకు కాకుండా సూటిగానే చెప్పింది. "మాటిచ్చాను కాబట్టి వస్తున్నా. ఆట అవ్వగానే బజారు దుకాణానికి ఫోను చేసేస్తా."

మేడ మీద ఇసుక వేస్తే రాలనంత జనం! గోడకు పెద్ద తెర, దాని మీద దీవి. తోడికోడళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, చూపులు మాత్రం కలవలేదు. అయినా ఏం ఆడారండీ! చిన్నకోడలి కోపమంతా తుపాకీలోకి దిగింది. టైలరక్క బొమ్మ ఎమోట్లన్నీ మానేసి బుద్ధిగా ఆమె వెనకే మందులూ గుళ్ళూ మోసింది. ఒక్కో జట్టూ రాలిపోయింది. చివరి ఆటకు మిగిలింది వీళ్ళిద్దరూ, ఎదురుగా జిమ్ము నడిపే కవల అన్నదమ్ములూ. వాళ్ళ జబ్బలు చూసి జనం అప్పుడే వాళ్ళను గెలిపించేశారు.

ఆఖరాటకు ముందు కాస్త విరామం. టైలరక్క చేతులు ఊరుకుంటేగా! తన సంచిలోంచి ఎవరిదో లంగా తీసి అంచు మడిచి కుట్టసాగింది. ఆట అయిపోతే అంతా అయిపోతుంది. ఈ పిల్లకు ఏం చెప్పను, ఎట్లా చెప్పను అని ఒక్కో కుట్టుకూ అదే ఆలోచన. షాపాయన "రెడీ!" అని అరవగానే లంగా ఒళ్ళో పడేసి ఫోను అందుకుంది.

మొదట్లోనే ఒక కవలను చిన్నకోడలు లేపేసింది. మేడ దద్దరిల్లింది! రెండోవాడు మొండి. గోడ చాటు నుంచి గోడ చాటుకు దూకుతూ తప్పించుకున్నాడు. ఆటలో దీవిని చుట్టిన వలయం ముడుచుకుంటూ వచ్చి ముగ్గురినీ ఒకే పెరట్లోకి తోసింది. చిన్నకోడలు కాల్చింది, కాల్చింది, తుపాకీ ఖాళీ! గుళ్ళు నింపుకోవడానికి క్షణాలు కావాలి. అది కనిపెట్టి కవల గోడ చాటు నుంచి బయటికి వచ్చేశాడు. పీపా పక్కన దాక్కున్న టైలరక్కకు వాడి వీపు చేతికందేంత దూరంలో ఉంది.

"అక్కా, కాల్చండి!" అన్నాళ్ళ తరవాత పిలుపు!

టైలరక్క పొడిచింది. తుపాకీ పేలలేదు. ఇంకా గట్టిగా పొడిచింది. ఊహూఁ. కొంప మునిగింది రా దేవుడా అనుకుని ఉన్న బలమంతా పెట్టి నొక్కేసరికి పక్కవేలు జారి ఎమోట్ మీట మీద పడింది. పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా ఆమె బొమ్మ తుపాకీ పక్కన పెట్టింది, చిన్నకోడలి బొమ్మ వైపు మోకాళ్ళ మీద కూర్చుంది, తల వంచి రెండు చేతులూ జోడించింది.

మేడంతా ఘొల్లుమంది. కవల వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడా? చంపేముందు వెక్కిరించాలని తన బొమ్మ చేత నడుం తిప్పే డాన్సు మొదలెట్టించాడు. ఒక తిప్పు, రెండు తిప్పులు, మూడో తిప్పుకు చిన్నకోడలి తుపాకీ నిండింది. ఢాం!

గెలిచారు! కుర్చీలు పడ్డాయి, ఎవరివో చెప్పులు గాల్లోకి లేచాయి, షాపాయన బల్లెక్కి, "ఏం ఎత్తండీ టైలరక్కా! శత్రువు చేత డాన్సు చేయించి పడగొట్టారు!" అని గొంతు చించుకున్నాడు. చిన్నకోడలు మాత్రం లేవలేదు. టైలరక్క మొహంలోకే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

"అక్కా, ఆ దండం నాకేనా? ఆట పోయినా ఫర్వాలేదని నాకే పెట్టారా?"

ఒక్క "ఊఁ" అంటే చాలు. నోరు తెరవకుండానే అన్నీ చక్కబడిపోతాయి. టైలరక్క "ఊఁ" అనబోయింది కూడా. అంతలో చూపు తన వేలి మీద పడింది. లంగా కుడుతూ సూది దిగకుండా నడిమివేలికి పెట్టుకున్న తోలు తొడుగు అలాగే ఉంది! అది ఉంటే ఫోనుకు వేలు తగిలేదెట్లా, తుపాకీ పేలేదెట్లా?

"లేదే పిల్లా," అంది వేలు పైకెత్తి చూపిస్తూ. "ఇది తియ్యడం మరిచిపోయా. వేలు జారింది."

జనం మళ్ళీ విరగబడి నవ్వారు. చిన్నకోడలి మొహం మాడిపోయింది. "అంతేనా" అని సంచి భుజానికి వేసుకుని లేచింది.

"కూర్చో."

"నేను ఫోను చేసుకోవాలక్కా."

"కూర్చోమన్నానా!" అంది టైలరక్క, తిట్టినట్టే. తొడుగు లాగి అవతల పారేసింది. గెలిచిన జట్టు పక్కపక్కన నిలబడే వేదిక ఇంకా తెర మీదే ఉంది. వట్టి వేలితో మీట వెతికి నొక్కింది. ఆమె బొమ్మ చిన్నకోడలి బొమ్మ వైపు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. అయిపోగానే మళ్ళీ నొక్కింది. ఈసారి మేడ మీద ఒక్కరూ నవ్వలేదు.

"ఇది నేను నొక్కిందే," అంది టైలరక్క. "పదిమందిలో నిన్ను అనరాని మాటలన్నాను. పదిమందిలోనే చెబుతున్నా. తప్పు నాదే. వెళ్ళకే. నువ్వు వెళ్తే నేను తట్టుకోలేను."

చిన్నకోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫోనులో ఆట మూసి, బజారు దుకాణం నెంబరు నొక్కి, టైలరక్క చూస్తుండగానే చెవి దగ్గర పెట్టుకుంది.

"నేనండీ, కుట్టుపనికి పిలిచారు కదా. రాలేనండీ. మా షాపులో తీరిక ఉండదు."