గోడవారగా

మా వదిన నోరు విప్పితే కథే. పొలాల మధ్య ఉన్న పాత కోటలో ఆమె గైడు. చూడటానికి వచ్చినవాళ్లను ఆమె ముందుండి నడిపించేది, నేను వెనకాల తలుపులు వేసుకుంటూ వచ్చేదాన్ని. ఏ మంచం కనిపించినా దానిమీద ఒక రాణిని పడుకోబెట్టి, ఆవిడ కష్టాలన్నీ ఏకరువు పెట్టేది. జనం నోళ్లు వెళ్లబెట్టుకుని వినేవారు. ఆమె కూతురికి మాత్రం అది గిట్టేది కాదు. నా మేనకోడలు ముక్కుసూటి మనిషి. అమ్మ చెప్పేవన్నీ కోతలేనని మొహమ్మీదే అనేసేది. ఆ విషయంలో తల్లీకూతుళ్లు ఉప్పూ నిప్పూ.

మేడమీది అద్దాల హాలుకు చెక్క నేల. ఒక జట్టు దిగాకే ఇంకో జట్టు ఎక్కాలన్నది అక్కడి పద్ధతి. ఆ రోజు జోరున వాన. తడుస్తూ నిలబడ్డవాళ్లను చూసి వదినకు మనసొప్పలేదు, రెండో జట్టునూ పైకి రమ్మంది. నేను వద్దంటే, ఇంత వానలో మనుషుల్ని బయట నిలబెడతామా అని నామీదే విసుక్కుంది. సెలవని మాతో వచ్చిన మేనకోడలు కూడా వాళ్లతో ఎక్కింది.

వదిన రాణిగారి అలక గురించి చెబుతుండగా కాళ్లకింద కిర్రుమంది. మాట ఆపింది. మళ్లీ కిర్రుమంది, ఈసారి పొడుగ్గా. హాలు నడుమ నేల కుంగడం నేనూ చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేల విరుగుతోందని అంటే చాలు, అందరూ ఒక్కసారిగా మెట్లవైపు పరిగెడతారు. ఆ ఉరుకుడికే అది కూలుతుంది.

వదిన నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి తెచ్చుకుందో నాకిప్పటికీ తెలియదు. ఈ హాల్లోంచి వెళ్లడానికి రాజుగారు పెట్టిన మర్యాద ఒకటుందని, చెప్పులు చేత పట్టుకుని, గోడను రాసుకుంటూ, ఒకరి వెనక ఒకరు చప్పుడు చేయకుండా దిగాలని చెప్పింది. జనం ముసిముసిగా నవ్వుకుంటూ చెప్పులు విప్పారు. నేను మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినే కిందికి పంపసాగాను.

నడుమ మిగిలింది నా మేనకోడలు. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆ కథలు వాళ్లకు చెప్పమ్మా, నాకెందుకు?"

వదిన ముందుకు అడుగేయబోయి ఆగింది. అటు అడుగేస్తే తన బరువూ తోడవుతుంది. గోడకు ఆనుకునే, కూతురికి వినబడేంత మెల్లగా అంది:

"ఇది కథ కాదు తల్లీ. ఒట్టు. కాలు ఎత్తకుండా జరుపుకుంటూ రా."

పిల్ల నమ్మకపోతే ఏం చేయాలో నాకు తోచలేదు. అది తల్లి కళ్లలోకి చూసింది. చేతులు దించి, పాదాలు ఈడ్చుకుంటూ వచ్చి గోడ పట్టుకుంది.

వాళ్లిద్దరూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక ఫట్టుమని ఏదో విరిగింది. దిగుతున్నవాళ్లంతా ఆగిపోయారు. ఏమిటా చప్పుడని ఒకాయన పైకి రాబోయాడు. వదిన ఆయనవైపు తిరిగింది. ఎప్పుడూ లేనిది, ఆమెకు కథ దొరకలేదు.

"రాజుగారికి కోపమొచ్చిందండీ," అంది నా మేనకోడలు, తల్లి చేతిని గట్టిగా పట్టుకుని. "వెనక్కి తిరిగితే ఆయనకు గిట్టదు. మెల్లగా దిగండి."

ఆయన నవ్వి, ముందుకు తిరిగి దిగాడు.